లారీలో కరెంటు లెక్క – బ్యాటరీ ఇచ్చిన వోల్టులు ఎక్కడ ఖర్చయ్యాయి?

మన ట్రస్టు ఉపకారవేతనం అందుకుంటున్నవారిలో ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్, మోటారు వెహికిల్, ఆటో ఎలక్ట్రికల్ ట్రేడుల విద్యార్థులు ఉన్నారు. ఆటోమొబైల్ డిప్లొమా వారు ఉన్నారు. బి.కాం. వారి సంగతి చెప్పనక్కరలేదు. ఈ పాఠం ఈ అందరికీ కలిపి వ్రాస్తున్నాను. వర్క్‌షాపు వారికి లెక్కల పద్ధతి, కామర్సు వారికి లారీ వైరింగు – రెండూ ఒకే చోట ఎందుకు అన్న సందేహం నాలుగు పేరాలు చదివితే తీరుతుంది.

సేలం, నామక్కల్, సంకగిరి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో లారీ మీద బ్రతికే ఇళ్ళు ఉన్నాయి. నామక్కల్‌కు లారీ బాడీ కట్టే పనిలోను, గ్యాసు ట్యాంకర్ల నడకలోను దేశమంతటా పేరున్నది. పక్కన తిరుచెంగోడు బోరు బండ్లకు ప్రసిద్ధి. బ్యాంకు కౌంటరులో కూర్చున్న రోజులలో లారీ లోను వాయిదా ఆలస్యమైనవారు చెప్పే కారణం ఒకటే మాటలో ఉండేది: "బండి నిలిచిపోయింది సార్." ఎందుకు నిలిచిందని అడిగితే ఇంజను పగిలిందని చెప్పినవారు అరుదు. సెల్ఫ్ పట్టలేదు, బ్యాటరీ దిగింది, వైరు కాలింది – ఇవే ఎక్కువగా వినేవాడిని. నెలకు 45,000 రూపాయల వాయిదా కట్టే బండి అనుకోండి. అది కదలకుండా నిలిచిన ప్రతి రోజుకూ 1,500 రూపాయలు వాయిదా పద్దులోనే పోతాయి. డ్రైవరు బత్తా, పోయిన బాడుగ, ఇన్సూరెన్సు వేరు.

అంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. సెల్ఫ్ పట్టకపోతే మొదట బ్యాటరీ మారుస్తారు. అయినా పట్టకపోతే సెల్ఫ్ మోటారు మారుస్తారు. వారం తరువాత మళ్ళీ అదే కథ. రెండు మంచి సామాన్లు పాత ఇనుము కొట్టుకు పోతాయి, తప్పు మాత్రం బండిలోనే ఉంటుంది. కొలవకుండా మార్చడం వల్ల వచ్చే నష్టం ఇది. ఈ పాఠంలో నేను చెప్పదలచినదంతా కొలవడం గురించే.

మొదట రెండు మూడు ప్రాథమిక విషయాలు

పెద్ద లారీలలో కరెంటు 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను ఒకదాని వెనుక ఒకటి, అనగా సిరీస్‌లో కలుపుతారు. ఒక్కొక్క బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి, నిండుగా ఛార్జి ఉన్న సెల్లు సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. అందువల్ల 12 వోల్టుల బ్యాటరీ అని పిలిచేది నిండుగా ఉన్నప్పుడు 12.6 లేదా 12.7 చూపాలి. జంట 25.2 నుండి 25.4 వరకు చూపాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీలను నింపేది ఆల్టర్నేటరు. పాత డ్రైవర్లు ఇప్పటికీ దానిని డైనమో అంటారు, మీరు వారితో వాదించనక్కరలేదు. ఇంజను తిప్పే మోటారును అందరూ సెల్ఫ్ అంటారు, నేనూ అలాగే వ్రాస్తాను. లారీ షాసీయే తిరుగు వైరుగా పనిచేస్తుంది, దానిని ఎర్త్ అంటాము.

వోల్టులు × ఆంపియర్లు = వాట్లు. ఈ సూత్రం, ఓమ్ సూత్రం – ఈ రెండూ మీరు పదవ తరగతిలో చదివినవే. ఇంతకు మించిన గణితం ఈ పాఠంలో లేదు.

సెల్ఫ్ పట్టని బండి – ఒక లెక్క

కామర్సు విద్యార్థులకు ట్రయల్ బ్యాలెన్సు, తెలుగులో అంకణా, తెలుసు. ఖర్చు మొత్తం, జమ మొత్తం సరిపోకపోతే ఏమి చేస్తాము? ఆవర్జా పుస్తకం మార్చము. తేడా ఎంతో చూసి, ఆ తేడా ఏ పద్దులో దాగినదో వెదుకుతాము. లారీ వైరింగులో కూడా అదే న్యాయం నడుస్తుంది. బ్యాటరీ ఇచ్చిన వోల్టులన్నీ ఆ దారిలో ఎక్కడో ఒక చోట ఖర్చు కావలసిందే. ఒక్క పాయింటు కూడా గాలిలో కలిసిపోదు. కిర్చాఫ్ అనే శాస్త్రవేత్త సూత్రంగా మీరు చదివేది ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాము. బండి సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నది, ఇంజను అందుకోవడం లేదు. ఒకరు క్యాబిన్‌లో తాళం తిప్పుతూ ఉండగా మరొకరు మల్టీమీటరుతో చూస్తే ఈ అంకెలు వచ్చాయనుకోండి:

బ్యాటరీ జంట ఇచ్చినది – 22.4 వోల్టులు
సెల్ఫ్ మోటారుకు ముట్టినది – 18.9 వోల్టులు
తేడా – 3.5 వోల్టులు

సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి కొంత దిగడం సహజం. 22.4 అన్నది మంచి అంకె, కాబట్టి బ్యాటరీ నిర్దోషి. అది 19కి దిగువకు జారి ఉంటే అనుమానం బ్యాటరీ మీదకు మళ్ళేది. ఇక్కడ మధ్యలో 3.5 వోల్టులు ఎవరో తిన్నారు. ఎవరు?

మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, రెండవ కొనను సెల్ఫ్ మోటారు ప్లస్ బోల్టు మీద పెట్టి తాళం తిప్పించాలి. మీటరు ఆ దారిలో పోయిన వోల్టులనే నేరుగా చూపుతుంది. దీనినే వోల్టేజి డ్రాప్ పరీక్ష అంటారు. మన బండిలో ప్లస్ కేబులులో 0.3, బ్యాటరీ కటాఫ్ స్విచ్చిలో 0.4 వచ్చాయి. ఇప్పుడు ఒక కొనను బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, రెండవ కొనను సెల్ఫ్ మోటారు ఒంటి మీద పెట్టితే 2.8 చూపింది. 0.3 + 0.4 + 2.8 = 3.5. అంకణా సరిపోయింది!

ఇంకా లోపలికి వెళ్ళాలి. మైనస్ గుబ్బకూ దాని లగ్గుకూ మధ్య 0.1. ఆ కేబులు షాసీకి చేరేవరకు 0.2. షాసీ నుండి ఇంజనుకు 2.5. దొంగ దొరికాడు. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి షాసీతో దానికి లోహపు సంబంధం సరిగా ఉండదు. అందుకే అల్లిన రాగి పట్టీ ఒకటి ఇంజనుకూ షాసీకీ మధ్య బిగిస్తారు. బాడీ పెయింటు పని జరిగినప్పుడు ఆ బోల్టు క్రింద రంగు చేరినా, వర్షాలకు తుప్పు పట్టినా ఇదే జరుగుతుంది. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం వాజలైను పూస్తే పని పూర్తి. క్రొత్త సామాను ఒక్కటి కూడా అవసరం లేదు.

ఆ పట్టీని అలాగే వదిలేస్తే ఏమవుతుంది? సెల్ఫ్ 300 ఆంపియర్లు లాగుతున్నదనుకుంటే 2.5 × 300 = 750 వాట్లు. బట్టల ఇస్త్రీపెట్టె అంత వేడి ఒక బోల్టు దగ్గర పుడుతుంది. పైగా సరైన దారి దొరకని కరెంటు యాక్సిలరేటరు కేబులు, గేరు కడ్డీలు వంటి దారులు పట్టి వాటిని కాల్చుతుంది. కారణం తెలియకుండా కేబులు కరిగిన బండ్లలో మొదట ఈ ఎర్త్ పట్టీ చూడాలి.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న అడగవచ్చు. ఓమ్‌లు చూసే అమరిక మీటరులోనే ఉన్నది కదా, దానితో పట్టీని పరీక్షించరాదా? 2.5 వోల్టులను 300తో భాగిస్తే 0.0083 ఓమ్. సాధారణ మల్టీమీటరు తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. మీటరు సున్నా అని చూపి మిమ్మల్ని మోసగిస్తుంది. బరువు మోసేటప్పుడే బలహీనత బయటపడుతుంది. కాబట్టి భారీ కరెంటు పోయే దారిని కరెంటు పోతుండగానే కొలవాలి. ఒక్కొక్క బిగింపు దగ్గర 0.1, 0.2 దాటకూడదు. ప్లస్ వైపు మొత్తం, మైనస్ వైపు మొత్తం ఎంతవరకు అనుమతించవచ్చో ఆ బండి కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది, ఆ అంకే ప్రమాణం.

మొత్తం సరిపోయినా లెక్క తప్పే

కామర్సులో కాంపెన్సేటింగ్ ఎర్రర్ అని ఒకటి ఉన్నది. ఒక చోట ఎక్కువ, ఇంకొక చోట తక్కువ వ్రాస్తే మొత్తాలు సరిపోతాయి, పుస్తకం మాత్రం తప్పు. లారీలో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న బండిలో జంట 24.9 చూపింది. ఫరవాలేదు అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఒకటి 12.8, ఒకటి 12.1. 12.4 అంటే ముప్పాతిక ఛార్జి, 12.2 అంటే సగం, 12కు దిగువన ఉంటే దాదాపు ఖాళీ. అంటే రెండవది సగానికి కూడా లేదు.

ఎందుకు? క్యాబిన్‌లో పాటల పెట్టె, చిన్న ఫ్యాను, సెల్‌ఫోను ఛార్జరు 12 వోల్టులవి. డ్రైవరో, దారిలో ఏ పెట్టె షాపువాడో రెండు బ్యాటరీల నడుమ నుండి ఒక వైరు లాగి, షాసీ వైపు ఉన్న ఒక్క బ్యాటరీ మీదనే ఆ బరువంతా వేస్తారు. అన్నీ కలిసి 4 ఆంపియర్లు అనుకుంటే, బండి ఆపి 5 గంటలు వాడితే 20 ఆంపియర్ అవర్లు. 120 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అది ఆరవ వంతు. మరునాడు ఆల్టర్నేటరు నింపుతుంది కదా అంటారు. సిరీస్‌లో ఉన్న రెండింటిలోకీ ఒకే కరెంటు పోతుంది. నిండుగా ఉన్నది ముందే నిండి పొంగి నీరు ఆవిరి చేసుకుంటుంది. వెలితిగా ఉన్నది నిండకముందే రెగ్యులేటరు మొత్తం వోల్టేజి చూసి కరెంటు తగ్గించివేస్తుంది. ఇలా కొన్ని నెలలలో ఒకటి ఆకలితో, ఒకటి అజీర్తితో, రెండూ పాడవుతాయి. వారంటీ కార్డు పట్టుకుని షాపుకు వెళితే ఈ వైరు చూసి వారు ఒప్పుకోకపోవచ్చు.

మందు సులభం. 24ను 12గా మార్చే కన్వర్టరు ఒకటి పెట్టించి, 12 వోల్టుల సామానంతా దాని మీద నడపాలి. డ్రైవర్లను తిట్టి లాభం లేదు. ఇరవై రోజులు ఇల్లు విడిచి తిరిగే మనిషికి పాట, ఫ్యాను అవసరమే. అలాగే బ్యాటరీ మార్చినప్పుడు జంటగానే మార్చాలి. పాతదాని ప్రక్కన క్రొత్తది పెట్టడం ఆదా కాదు.

ఆసిడ్ చూడగలిగే బ్యాటరీ అయితే హైడ్రోమీటరు మరింత నిజం చెబుతుంది. నిండు ఛార్జిలో 1.250 చుట్టూ, కంపెనీని బట్టి కొంచెం అటు ఇటుగా ఉంటుంది. ఆరు సెల్లులలో ఒకదానికీ మరొకదానికీ 0.050కి మించిన తేడా ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి, ఆసిడ్ పోయకూడదు. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల పనికిరాదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసి జేబులో పెట్టుకోవాలి.

ఆల్టర్నేటరు, ఫ్యూజులు, వెనుక దీపాలు

ఇంజను మధ్యస్థ వేగంలో ఉండగా బ్యాటరీ జంట దగ్గర సుమారు 27.5 నుండి 28.5 వోల్టులు ఉండాలి. 27కు తక్కువైతే ముందు బెల్టు బిగువు చూడండి, తరువాత ఆల్టర్నేటరు నుండి బ్యాటరీ వరకు డ్రాప్ చూడండి, ఆ తరువాతే ఆల్టర్నేటరు విప్పండి. 29 దాటితే రెగ్యులేటరు తప్పు. ఇంజను తిరుగుతుండగా కటాఫ్ స్విచ్చి ఆపరాదు. ఆ క్షణంలో వోల్టేజి ఎగిసి ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు పోతాయి.

ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, వైరును. రెండు 70 వాట్ల హెడ్‌లైట్లు 24 వోల్టుల దగ్గర దాదాపు 6 ఆంపియర్లు తీసుకుంటాయి, దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అదే వైరుకు అలంకారం కోసం మరో నాలుగు దీపాలు తగిలిస్తే మొత్తం 17 దాటుతుంది, ఫ్యూజు పోతుంది. అప్పుడు ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టే మహానుభావులు ఉన్నారు. ఇక ఫ్యూజుగా పనిచేసేది క్యాబిన్ అడుగున దుప్పట్ల ప్రక్కగా పోయే వైరే. అదనపు దీపాలు కావాలంటే వాటికి వేరే రిలే, వేరే ఫ్యూజు, తగిన మందం వైరు ఉండాలి. గ్యాసు, పెట్రోలు ట్యాంకర్ల నియమాలు వేరు. వాటి వైరింగు మీద అనుమతి లేని చేయి పడరాదు.

వెనుక దీపాల సంగతి డబ్బు లెక్కకు అందేది కాదు. రాత్రి హైవే ప్రక్కన ఆగిన లారీకి వెనుక దీపం లేకపోతే, వెనుక నుండి వచ్చే మోటారు సైకిలు వాడికి అది గోడ. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఇండికేటరు వేస్తే పార్కింగు దీపం కొట్టుకోవడం మీరు చూసి ఉంటారు. బల్బు తప్పు కాదు, ఆ దీపపు గిన్నె ఎర్త్ పోయింది. కరెంటు తన దారి మూసుకుపోగా ప్రక్క బల్బు గుండా తిరిగి పోతున్నది. ఒక వైరు ముక్కను గిన్నె ఎర్త్ నుండి శుభ్రమైన షాసీ బోల్టుకు తాకించి చూడండి. దీపాలు సరిగా వెలిగితే నిర్ధారణ అయినట్టే. అయిదు నిమిషాల పని. ప్రతి ట్రిప్పుకు ముందు ఒకరు బ్రేకు తొక్కగా ఒకరు వెనుక నిలబడి చూడడం ఏ యజమానికైనా ఖర్చు లేని అలవాటు.

క్రొత్త బండ్లతో జాగ్రత్త

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 బండ్లే అమ్మకానికి వచ్చాయి. ఇంజనును కంప్యూటరు, అనగా ఇ.సి.యు., నడుపుతుంది. పొగ శుద్ధికి యూరియా ద్రావణం, దానికి పంపు, సెన్సార్లు ఉంటాయి. చాలా బండ్లలో తాళం ఆపిన తరువాత ఆ పంపు గొట్టంలోని ద్రావణాన్ని వెనుకకు లాగుతుంది. పుస్తకంలో చెప్పినంతసేపు ఆగకుండా కటాఫ్ స్విచ్చి ఆపితే ద్రావణం గొట్టంలో గడ్డకట్టి అడ్డుపడుతుంది. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే 3.5 టన్నులకు పైబడిన సరుకు లారీల క్యాబిన్‌కు ఎ.సి. తప్పనిసరి అయింది కాబట్టి ఎలక్ట్రికల్ పని ఇక పెరిగేదే గాని తగ్గేది కాదు.

పాత టెస్ట్ ల్యాంపు దీపాల సర్క్యూటుకు మంచిదే, ఇ.సి.యు. వైర్లకు తాకించరాదు. అది లాగే కరెంటును ఆ సున్నిత భాగాలు భరించలేవు. ఈ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే జంట వైర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి ఆ రెండింటి మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. రెండు చివర్లలో 120 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా ఉండడమే కారణం. 120 వస్తే ఒక చివర తెగినది. ఇటువంటి పనికి కండబలం అక్కరలేదు, ఓర్పు, చదివి అర్థం చేసుకునే తెలివి చాలు. మన విద్యార్థినులు ఈ ట్రేడు వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

బాడీ కట్టే షెడ్డులలో పనిచేయబోయేవారికి ఒక ముఖ్యమైన మాట. షాసీ మీద వెల్డింగు చేసేముందు బ్యాటరీ రెండు కొనలూ విప్పాలి, కంపెనీ చెప్పిన ప్రకారం ఇ.సి.యు. కనెక్టర్లు తీయాలి, వెల్డింగు ఎర్త్ క్లాంపును అతుకు పెట్టే చోటికి దగ్గరగా బిగించాలి. లేకపోతే వెల్డింగు కరెంటు కంప్యూటరు గుండా దారి వెదుక్కుంటుంది.

బండికొక పేజీ

పది లారీలు ఉన్నవారు డీజిలుకు, టైర్లకు లెక్క వ్రాస్తారు. కరెంటుకు వ్రాసేవారు తక్కువ. ఒక లాంగు నోటుబుక్కులో బండికొక పేజీ చాలు. తేదీ, కిలోమీటర్లు, రెండు బ్యాటరీల నెంబర్లు, విశ్రాంతిలో ఒక్కొక్కదాని వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పటి వోల్టులు, ఛార్జింగు వోల్టులు, ఫిర్యాదు, కనుగొన్న కారణం, మార్చిన సామాను, నిలిచిన గంటలు. నెలకొకసారి, వర్షాకాలం ముందు తప్పక. "సరిచేయబడినది" అని మాత్రం వ్రాయకండి, ఏమి సరిచేశారో వ్రాయండి. ఆరు నెలల తరువాత ఒక పేజీలో సెల్ఫ్ వోల్టులు 22.6, 21.8, 20.5 అని దిగుతూ కనిపిస్తే, ఆ బండి ఇంటి దగ్గర ఉండగానే చూసుకోవచ్చు. నాగపూరు దాటాక రాత్రిపూట వెదుక్కోనక్కరలేదు. పాత బ్యాటరీలు 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం డీలరుకో, రిజిస్టరు అయిన రీసైక్లరుకో ఇచ్చి, వచ్చిన సొమ్మును ఆ బండి పద్దులోనే జమ చేయండి. సీసానికి విలువ ఉన్నది, అది డ్రైవరు టీ ఖర్చులో కలిసిపోకూడదు.

ఈ పుస్తకం వ్రాయడం బి.కాం. చదివే అబ్బాయో అమ్మాయో నెలకు ఒక ఆదివారం చేయదగిన పని. మీటరు పట్టేది ఐ.టి.ఐ. తమ్ముడు కావచ్చు.

అభ్యాసం

1. నిలిచి ఉన్న బండిలో జి.పి.ఎస్. పెట్టె, అలారం కలిసి 150 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయి. 15 రోజులు బండి కదలలేదు. బ్యాటరీ నుండి ఎన్ని ఆంపియర్ అవర్లు పోయాయి? 120 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అది ఎంత భాగం? (ఈ కరెంటు కొలవడానికి మీటరును మైనస్ వైరుకు సిరీస్‌లో పెట్టాలి. అలా పెట్టి ఉండగా సెల్ఫ్ తిప్పితే మీటరు కాలిపోతుంది.)

2. ఒక బండిలో సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ జంట 18.2, సెల్ఫ్ మోటారు 17.7 చూపాయి. విశ్రాంతిలో బ్యాటరీలు 12.7, 12.0. యజమాని సెల్ఫ్ మోటారు మార్చమంటున్నాడు. మీరేమి చెబుతారు? తరువాత ఏ వైరు కోసం వెదుకుతారు?

3. మీకు తెలిసినవారి లారీ ఒకటి ఎంచుకుని, పైన చెప్పిన పేజీ మూడు నెలలు నింపి, ట్రస్టు కార్యాలయానికి పంపండి.